‘మత్తు మందు అంటున్నారు, మా బాబుకు ఇవ్వవచ్చా?’

ఏకాగ్రత లోపానికి, పగటిపూట ఆపుకోలేని నిద్రకు వాడే ఉత్తేజక మందుల గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. రాసినవారి వయసులు, ఊళ్లు వేరైనా దాదాపు అందరూ మందు మంచిదా చెడ్డదా అనే అడిగారు. రాత్రి నిద్ర ఎలా ఉంటోందో మాత్రం ఒకరిద్దరు తప్ప ఎవరూ రాయలేదు. ఈ మందుల విషయంలో వైద్యుడు ముందుగా తెలుసుకోవలసింది అదే కాబట్టి జవాబులలో దాని ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఒక్కచోట కుదురుగా కూర్చోడు, హోంవర్కు మొదలుపెట్టిన రెండు నిమిషాలకే లేచిపోతాడు, పెన్సిళ్లు, టిఫిన్ డబ్బా వారానికొకటి పోగొట్టుకుని వస్తాడు. స్కూలు వాళ్లు చెబితే పిల్లల మానసిక వైద్యుడికి చూపించాము. రెండు మూడు సార్లు పరీక్షించి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) అని చెప్పి, మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర రాశారు. మా అత్తగారు ‘మగపిల్లాడు ఆ మాత్రం అల్లరి చేయడా, దానికి మత్తు మందులు మింగిస్తారా’ అని బాధపడుతున్నారు. అసలే చురుకు ఎక్కువైన పిల్లాడికి ఇంకా ఉత్తేజం కలిగించే మందు ఎందుకో నాకూ అర్థం కావడం లేదు. ఇవ్వవచ్చా? ఇస్తే జీవితాంతం వాడాలా? — ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ సందేహంలోను, మీ అత్తగారి బాధలోను తప్పేమీ లేదు. చిన్న పిల్లవాడికి మెదడు మీద పనిచేసే మందు ఇవ్వవలసి వచ్చినప్పుడు ఇంట్లో వాళ్లు వెనుకాడటం సహజం. ఆ భయాన్ని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాము.

ముందుగా, చురుకైన పిల్లవాడికి ఉత్తేజక మందు ఎందుకు అన్న మాట. ఎదురుగా ఉన్న పని మీద మనసు నిలపడం, మధ్యలో వచ్చిన ఆలోచనను పక్కన పెట్టడం, నోటి దాకా వచ్చిన మాటను ఒక్క క్షణం ఆపుకోవడం వంటి పనులు చూసేది ముఖ్యంగా మెదడు ముందుభాగం. ఆ పని సవ్యంగా సాగాలంటే అక్కడి నాడీకణాల మధ్య డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు తగినంతగా ఉండాలి. ఈ పిల్లలలో ఆ అదుపు వ్యవస్థ బలహీనంగా ఉంటుంది. మిథైల్‌ఫెనిడేట్ ఆ రసాయనాలను కణాలు వెంటనే వెనక్కు పీల్చుకోకుండా ఆపి, అవి కొంచెం ఎక్కువసేపు పనిచేసేలా చేస్తుంది. తరగతి గోలగోలగా ఉన్నప్పుడు కునుకు తీస్తున్న టీచరును తట్టి లేపితే పిల్లలు ఎలా సర్దుకుంటారో, ఇక్కడ జరిగేది కూడా అటువంటిదే. మందు లేపుతున్నది అల్లరిని కాదు, అల్లరిని అదుపు చేసే భాగాన్ని. సరైన మోతాదులో ఇచ్చినప్పుడు పిల్లవాడు మగతగా, బొమ్మలాగా ఉండకూడదు. అలా ఉన్నాడంటే మోతాదు ఎక్కువైందని, లేదా ఆ మందు సరిపడలేదని అర్థం. వెంటనే వైద్యుడికి చెప్పాలి.

ఈ సంగతి అనుకోకుండా బయటపడింది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ప్రవర్తన సమస్యలున్న పిల్లల ఆసుపత్రిని చూసేవాడు. అప్పట్లో మెదడు ఎక్స్‌రే కోసం వెన్నులోని ద్రవాన్ని తీసేవారు, దానివల్ల పిల్లలకు భరించలేని తలనొప్పి వచ్చేది. ఆ నొప్పి తగ్గుతుందేమోనని ఆయన ఆంఫెటమిన్ అనే ఉత్తేజక జాతికి చెందిన బెంజెడ్రిన్ ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు గానీ, కొందరు పిల్లలు ఉన్నట్టుండి శ్రద్ధగా లెక్కలు చేయసాగారు. 1937లో ఆయన ప్రచురించిన వివరాల ప్రకారం 30 మంది పిల్లలలో 14 మంది చదువులో కొట్టొచ్చినట్టు మెరుగయ్యారు. పిల్లలే వాటికి ‘లెక్కల మాత్రలు’ అని పేరు పెట్టుకున్నారు. మీ బాబుకు రాసిన మిథైల్‌ఫెనిడేట్ ఆ తరువాత 1944లో స్విట్జర్లాండ్‌లో తయారైంది. అంటే ఇది నిన్నమొన్న వచ్చిన ప్రయోగం కాదు. పిల్లల మానసిక వైద్యంలో ఇంతకాలంగా, ఇంత లోతుగా పరిశీలించిన మందులు చాలా తక్కువ.

ఇక మత్తు మందు అన్న భయం. మన దేశపు చట్టంలో ఈ మందు గట్టి నియంత్రణలో ఉన్న మాట నిజం. పొడి చేసి పీల్చేవారు, ఎక్కువ మోతాదులో మింగేవారు ఉన్నారు కాబట్టే ఆ నియంత్రణ. వైద్యుడు చెప్పిన మోతాదులో నోటి ద్వారా తీసుకున్నప్పుడు అది మెదడులోకి నెమ్మదిగా చేరుతుంది, వ్యసనాన్ని పుట్టించే ఆ తక్షణ హుషారు కలగదు. చిన్నతనంలో ఈ మందు వాడిన పిల్లలను పెద్దయ్యే వరకు గమనించిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మందు వాడినందువల్ల మాదకద్రవ్యాల అలవాటు పెరిగినట్టు తేలలేదు. అయినా మాత్రల సీసా పిల్లవాడి చేతికి ఇవ్వకండి. పెద్దవాళ్లే తీసి ఇచ్చి, లెక్క చూసుకోండి.

అయితే మాత్ర మొదలుపెట్టే ముందు మీరు గమనించవలసినది ఒకటి ఉంది. మీ ఉత్తరంలో బాబు నిద్ర గురించి ఒక్క మాట లేదు. ఒక రాత్రి వాడు గాఢంగా నిద్రపోయాక పక్కన కూర్చుని చూడండి. గురక పెడుతున్నాడా, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నాడా, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి అటూ ఇటూ దొర్లుతున్నాడా, తల కింద దిండు చెమటతో తడుస్తోందా, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందా? పెద్దవాళ్లకు నిద్ర చాలకపోతే కునికిపాట్లు పడతారు. పిల్లలు మాత్రం చాలాసార్లు చిరాకుగా, కుదురు లేకుండా, అచ్చం ఏడీహెచ్‌డీ లాగే ప్రవర్తిస్తారు. ముక్కు వెనుక అడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ వాచి రాత్రిపూట గాలి సరిగా ఆడని పిల్లలలో ఇది తరచుగా కనిపిస్తుంది. వాటికి చికిత్స జరిగాక పగటి ప్రవర్తన ఎంతో మెరుగుపడిన పిల్లలున్నారు. అలాగే పడుకున్నాక కాళ్లు లాగుతున్నాయని, జివ్వుమంటున్నాయని తన్నుకుంటుంటే రక్తంలో ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నెలల నుంచి 59 నెలల లోపు పిల్లలలో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలిన మన దేశంలో ఈ పరీక్షను ఎవరూ తేలికగా తీసుకోకూడదు. వీటిలో ఏది కనబడినా ఒక కాగితం మీద రాసుకుని, వీలైతే ఫోనులో ఒక నిమిషం వీడియో తీసుకుని మీ వైద్యుడికి చూపించండి. నిద్ర బాగానే ఉందని తేలి, ఇంట్లోను, బడిలోను కూడా ఈ లక్షణాలు ఆరు నెలలకు పైగా చదువుకు, స్నేహాలకు అడ్డుపడుతున్నాయని వైద్యుడు నిర్ధారించినట్లయితే మందు నిరభ్యంతరంగా మొదలుపెట్టండి.

మొదలుపెట్టాక ఏమి ఎదురవుతుందో కూడా తెలుసుకోండి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఆకలి మందగించడం. మాత్ర పనిచేసే సమయం మధ్యాహ్న భోజనం వేళకు సరిగ్గా తగులుతుంది కాబట్టి క్యారేజీ తెరవకుండానే ఇంటికి రావచ్చు. అందుకని మాత్ర వేయకముందే పొద్దున కడుపునిండా పెట్టండి. ఇడ్లీయో ఉప్మాయో రెండు ముద్దలు తినిపించి పంపడం కాకుండా, గుడ్డు, పాలు, నెయ్యి వేసిన పప్పన్నం లాంటివి ఆ పూటే పెట్టండి. సాయంత్రం మందు ప్రభావం తగ్గి ఆకలి తిరిగి వచ్చినప్పుడు ‘భోజనానికి ముందు ఇప్పుడేమిటి’ అనకుండా మళ్లీ పెట్టండి. రాత్రి నిద్ర ఆలస్యం కావడం, తలనొప్పి, కడుపునొప్పి మొదటి వారాలలో రావచ్చు. చాలామందిలో అవి తగ్గిపోతాయి, తగ్గకపోతే మోతాదునో వేళనో మారుస్తారు. సాధారణ మాత్ర మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యే రకాలలో కొన్ని పది పన్నెండు గంటల వరకు పనిచేస్తాయి. ఏ రకమైనా సాయంత్రం పూట వేయకూడదు. ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు ప్రతి మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి చూపించాలి. ఎదుగుదల కొంచెం మందగించడం నిజమే. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో మొదటి మూడేళ్లలో సగటున సుమారు 2 సెంటీమీటర్ల తేడా కనిపించింది. మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి మరణించి ఉంటే, లేదా బాబుకు పరుగెత్తినప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే మందుకు ముందే ఆ సంగతి చెప్పాలి. అప్పుడు గుండె పరీక్షలు అవసరమవుతాయి.

అదే అధ్యయనం గురించి మరొక మాట. 579 మంది పిల్లలను మొదట 14 నెలలు పరిశీలించి 1999లో తొలి ఫలితాలు ప్రకటించారు. జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు, ఏకాగ్రత విషయంలో కేవలం ప్రవర్తన శిక్షణ కన్నా బాగా పనిచేసింది. రెండూ కలిపి ఇచ్చినప్పుడు తక్కువ మోతాదుతోనే సరిపోయింది, తల్లిదండ్రులతో పిల్లల సంబంధం కూడా బాగుపడింది. కాబట్టి మాత్ర ఇస్తున్నాము కదా అని మిగతావి వదలవద్దు. హోంవర్కును పది నిమిషాల ముక్కలుగా విడగొట్టడం, టీచరుతో మాట్లాడి ముందు బెంచీలో కూర్చోబెట్టించడం, చేసిన తప్పును సాయంత్రం దాకా మోయకుండా చేసిన మంచిని అక్కడికక్కడే మెచ్చుకోవడం మీ చేతిలో పనులు. ఇక జీవితాంతం వాడాలా అంటే, అవసరం లేదు. ఏటా ఒకసారి వైద్యుడి పర్యవేక్షణలో కొన్ని రోజులు ఆపి చూసి, ఇంకా అవసరమా కాదా అన్నది నిర్ణయిస్తారు. కొందరికి పెద్దయ్యాక అక్కర ఉండదు, కొందరికి ఉంటుంది. మీ అత్తగారిని కూడా ఒకసారి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. ఇంట్లో పెద్దావిడ మనసు కుదుటపడితే పిల్లవాడికి సగం బలం.

ప్రశ్న: మా పాపకు కూడా ఇదే మందు రాశారు. మా ఊళ్లో ఏ మెడికల్ షాపులోను లేదు. ఒక షాపాయన ‘ఈ మందు మేము పెట్టము’ అని చీటీ తిరిగి ఇచ్చేశాడు. మా బంధువు ఆన్‌లైన్‌లో తెప్పిస్తానంటున్నాడు. వీడియో కాల్‌లో డాక్టరు చేత మళ్లీ చీటీ రాయించుకోవచ్చా? — ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: షాపాయన మీతో మర్యాద తప్పలేదు. మిథైల్‌ఫెనిడేట్ మన ఔషధ నిబంధనలలో షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది. దానిని అమ్మడానికి విడిగా లైసెన్సు ఉండాలి, చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, అందులో ఒకటి షాపులో రెండేళ్లు భద్రపరచాలి. ఈ బాధ్యత ఎందుకులే అని చిన్న ఊళ్లలో చాలామంది ఆ మందు పెట్టుకోరు. 2020లో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందులను వీడియోలో గానీ ఫోనులో గానీ రాయకూడదని చెబుతున్నాయి కాబట్టి వైద్యుడిని నేరుగా కలవక తప్పదు. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి పెద్ద కేంద్రాలలో, లేదా వైద్యుడు పనిచేసే ఆసుపత్రి మందుల షాపులో అడగండి. తదుపరి పరీక్ష తేదీ వరకు సరిపడా ఒకేసారి రాయమని కోరండి. ఆన్‌లైన్‌లో చీటీ లేకుండా వచ్చే మాత్రలో ఏముందో ఎవరికీ తెలియదు, అది చట్టవిరుద్ధం కూడా. బడికి వెళ్లే పిల్లను తీసుకుని ప్రతిసారీ అంత దూరం ప్రయాణించడం ఎంత కష్టమో నాకు తెలుసు. జిల్లా కేంద్రానికి ఒక్క షాపైనా ఈ మందు పెట్టేలా ప్రభుత్వం చూడవలసి ఉంది. ప్రయాణం ఎట్టి పరిస్థితిలోను కుదరకపోతే ఉత్తేజక జాతికి చెందని అటామాక్సిటీన్ వంటి మందు సరిపడుతుందేమో వైద్యుడిని అడగండి. దాని ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది గానీ అది షెడ్యూల్ ఎక్స్‌లో లేదు.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు, పీజీ చదువుతున్నాను. ఇంటర్ నుంచి క్లాసులో ఎంత ఆపుకున్నా నిద్ర వచ్చేస్తుంది. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా అంతే. స్నేహితులతో గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు ఒక్కసారిగా వదిలేసి కూలబడిపోతాను, కానీ అన్నీ తెలుస్తూనే ఉంటాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చినా కాలూచెయ్యీ కదలవు, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఇంట్లో బద్ధకమన్నారు, తరువాత గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇప్పుడు నరాల వైద్యుడు నార్కోలెప్సీ అనుమానించి స్లీప్ స్టడీ చేయించమన్నారు, మొడాఫినిల్ అనే మాత్ర మాట కూడా ఎత్తారు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. చాలా భయంగా ఉంది. — ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీరు రాసిన నాలుగు వాక్యాలలో ఈ జబ్బు వర్ణన పూర్తిగా ఉంది. మీది బద్ధకం కాదు, గాలి అంతకన్నా కాదు. పగటిపూట ఆగని నిద్ర, నవ్వినప్పుడు కండరాల పట్టు సడలిపోయే కాటాప్లెక్సీ, నిద్ర అంచున శరీరం కదలకపోవడం, ఆ సమయంలో ఎవరో మీద కూర్చున్న భ్రాంతి, ఇవి నాలుగూ ఒకే మూలం నుంచి వస్తాయి. కలలు కనే నిద్రలో అవయవాలు కదలకుండా మెదడు ఒక తాళం వేస్తుంది. నార్కోలెప్సీలో మెలకువకు, ఆ నిద్రకు మధ్య హద్దు చెరిగిపోయి, మెలకువగా ఉండగానే ఆ తాళం పడిపోతుంది. మన ఊళ్లలో దయ్యం గుండెల మీద కూర్చుందని చెప్పుకునే అనుభవాలలో చాలా భాగం ఈ నిద్ర పక్షవాతమే. జబ్బు లేనివారికి కూడా ఎప్పుడో ఒకసారి రావచ్చు.

1880లో ఫ్రెంచి వైద్యుడు గెలినో ఈ జబ్బుకు పేరు పెట్టినా, దాని కారణం తెలియడానికి వందేళ్లకు పైగా పట్టింది. మనల్ని మెలకువగా నిలబెట్టే ఓరెక్సిన్ అనే రసాయనాన్ని 1998లో కనుగొన్నారు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ జబ్బున్న డాబర్‌మన్ కుక్కలను పెంచి పరిశీలించేవారు. ఇష్టమైన తిండి కనబడిన ఆనందానికి అవి నిలుచున్నచోటే కూలబడేవి. 1999లో ఆ కుక్కలలో ఓరెక్సిన్‌ను అందుకునే గ్రాహకం లోపించిందని తేలింది. మరుసటి ఏడాది, నార్కోలెప్సీతో జీవించి మరణించిన మనుషుల మెదళ్లలో ఆ రసాయనాన్ని తయారుచేసే కణాలు 85 నుంచి 95 శాతం వరకు లేకుండా పోయినట్టు చూశారు. అంటే మెదడులో ఆ కణాలు తగ్గినందువల్ల వచ్చే ఇబ్బంది ఇది. సంకల్పబలంతో ఆపుకోలేకపోయానని ఇన్నేళ్లు మిమ్మల్ని మీరు నిందించుకుని ఉంటే ఈ రోజుతో మానేయండి.

స్లీప్ స్టడీ గురించి భయం వద్దు. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి తలకు, గడ్డానికి, ఛాతీకి, కాళ్లకు సన్నని తీగలు అంటిస్తారు. నొప్పి ఉండదు. మరునాడు పగలు రెండేసి గంటల తేడాతో ఐదుసార్లు, లైటు తీసి 20 నిమిషాలు పడుకోమంటారు. సగటున ఎనిమిది నిమిషాలలోపే నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు పడుకున్న కొద్ది నిమిషాలకే కలల నిద్రలోకి జారితే నార్కోలెప్సీ నిర్ధారణ అవుతుంది. దానికి ముందు ఒకటి రెండు వారాలు నిద్రవేళలు క్రమంగా ఉంచుకోవాలి, వాడుతున్న మందులన్నీ చెప్పాలి. ఉత్తేజకాలు, కొన్ని డిప్రెషన్ మందులు ఫలితాన్ని తారుమారు చేస్తాయి కాబట్టి పరీక్ష అయ్యేదాకా మొడాఫినిల్ మొదలుపెట్టకపోవడమే మంచిది.

నిర్ధారణ అయ్యాక సాధారణంగా మొదట ఇచ్చేది మొడాఫినిల్. పొద్దున 100 లేదా 200 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుతారు. అది చాలనప్పుడు మిథైల్‌ఫెనిడేట్ వాడతారు. 1935లో అమెరికా వైద్యులు ఇదే జబ్బుకు ఆంఫెటమిన్ ఇచ్చిన నాటి నుంచి ఉత్తేజకాలకు, నార్కోలెప్సీకి సంబంధం సాగుతూనే ఉంది. అయితే మొడాఫినిల్ నిద్రమత్తును తగ్గిస్తుంది గానీ నవ్వినప్పుడు కూలబడటాన్ని ఆపదు. దానికి వెన్లఫాక్సిన్ వంటి వేరే మందు కావాలి, దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు. మొడాఫినిల్ మొదలుపెట్టిన వారాలలో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే మాత్ర ఆపి వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అరుదుగా అది ప్రాణం మీదకు తెచ్చే చర్మవ్యాధి కావచ్చు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి మరొకటి తప్పక చెప్పాలి. మన వైద్యులు మొహమాటపడి చెప్పకుండా వదిలేసే విషయం ఇది. మొడాఫినిల్ గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గిస్తుంది. వాడుతున్నంతకాలం, ఆపిన తరువాత కనీసం ఒక నెలపాటు వేరే పద్ధతి కూడా పాటించాలి. గర్భంలో శిశువుకు పుట్టుకతో లోపాలు కలిగే ప్రమాదం కనబడినందువల్ల బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గర్భిణులు దీనిని వాడకూడదని హెచ్చరించింది. కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందే వైద్యుడితో మాట్లాడి మందు మార్పు చేసుకోవాలి. ఈ జబ్బున్నవారు పెళ్లి చేసుకుంటున్నారు, పిల్లలను కంటున్నారు. బిడ్డకు సంక్రమించే అవకాశం నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. కాబోయే భర్తకు ముందే చెప్పమని నా సలహా. రోజూ పొద్దున మాత్ర వేసుకోవాలి, మధ్యాహ్నం ఓ పావుగంట పడుకోవాలి, ఇది దాచిపెట్టి కాపురం చేయగలిగిన విషయం కాదు. ఆ పావుగంట కునుకు కూడా చికిత్సలో భాగమే. ఒక వైద్య ధ్రువపత్రం తీసుకుని కళాశాలలో చూపించి, మధ్యాహ్న విరామంలో పడుకోవడానికి చోటు అడగండి. చికిత్స కుదురుకునే వరకు స్కూటీ నడపవద్దు, ఒంటరిగా ఈతకు దిగవద్దు, ఎత్తైన మిద్దెల అంచున నిలబడవద్దు.

ప్రశ్న: విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉండి నీట్‌కు చదువుతున్నాను. మా హాస్టల్‌లో కొందరు రాత్రంతా చదవడానికి మొడాఫినిల్ వేసుకుంటున్నారు. బాగా ఎక్కుతోందంటున్నారు. నేను వెనకబడిపోతున్నానేమో అనిపిస్తోంది. పరీక్ష వరకు కొన్ని వారాలు వాడితే నష్టమా? — ఒక విద్యార్థి

జవాబు: నాయనా, వద్దు. జబ్బు లేని మెదడుకు ఈ మందులు మెలకువను ఇస్తాయి, పని చేస్తున్నామన్న నమ్మకాన్ని ఇస్తాయి, తెలివిని ఇవ్వవు. 2023లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న 40 మందికి వేర్వేరు రోజులలో మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్, ఆంఫెటమిన్ జాతి మందు, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, పరిమితమైన బరువు మాత్రమే పట్టే సంచిలో ఏ వస్తువులు పెడితే ఎక్కువ విలువ వస్తుందో తేల్చే లెక్కలు చేయించారు. మందు వేసుకున్నప్పుడు వారు ఎక్కువసేపు కష్టపడ్డారు, ఎక్కువసార్లు అటూ ఇటూ మార్చి చూశారు, కానీ ఆలోచన నాణ్యత తగ్గింది. మామూలుగా సగటు కన్నా బాగా చేసేవారు మందుతో సగటు కన్నా కిందికి పడిపోయారు. గంటల తరబడి సాగే పరీక్షలో, తప్పు జవాబుకు మార్కులు కోసే పరీక్షలో, నీకు కావలసింది ఈ లక్షణమేనా?

పైగా చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. మొడాఫినిల్ రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటే మరునాడు ఉదయానికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది, పగలు పడుకుందామన్నా సరైన నిద్ర పట్టదు. రెండు మూడు రాత్రులకే తలనొప్పి, గుండెదడ, ఆందోళన మొదలవుతాయి. ముందే మనసు కుంగి ఉన్న కుర్రవాడిలో అది ప్రమాదకరమైన ఆలోచనలను రేపవచ్చు, ఇంట్లో మానసిక వ్యాధుల చరిత్ర ఉంటే లేని భ్రమలను కలిగించవచ్చు. చీటీ లేకుండా అమ్మే షాపును నమ్మి ఇంత పణం పెట్టవద్దు. చిన్న తరగతుల నుంచీ నీకు చదువు మీద మనసు నిలవకపోతే అది వేరే సంగతి, అప్పుడు మానసిక వైద్యుడి చేత సరిగ్గా పరీక్ష చేయించుకో. ఒత్తిడి భరించలేకపోతున్నావనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. నీ పక్క మంచం కుర్రాళ్లకు కూడా ఈ నంబరు చెప్పు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ అని తేలి అడెరాల్ వాడుతున్నాను. రెండు నెలలు హైదరాబాద్‌లో ఉండటానికి వస్తున్నాను, దారిలో దుబాయ్‌లో ఆగుతాను. మందు తెచ్చుకోవచ్చా? అయిపోతే ఇక్కడ దొరుకుతుందా? — ఒక పాఠకుడు

జవాబు: ఇక్కడ దొరకదు. అడెరాల్‌లో ఉండేది ఆంఫెటమిన్ లవణాలు, మన దేశంలో దానిని వైద్యానికి అమ్మడం లేదు, మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రిత పదార్థాల జాబితాలో ఉంది. కాబట్టి బయలుదేరడానికి కనీసం నెల ముందే భారత కాన్సులేట్‌కు రాసి, ఏ పత్రాలు కావాలో లిఖితపూర్వకంగా తెలుసుకోండి. ప్రయాణానికి సరిపడా మాత్రమే, మీ పేరున్న అసలు సీసాలో, మందు రసాయన నామం, మోతాదు, రోగ నిర్ధారణ రాసిన వైద్యుడి లేఖతో చేతిసంచిలో ఉంచుకోండి. యూఏఈలో నియంత్రిత మందులకు ముందస్తు అనుమతి తీసుకోవాలి, అది కుదరకపోతే దారి మార్చుకోండి. జపాన్ మీదుగా వచ్చే ఆలోచన ఉంటే, అక్కడ వైద్యుడి చీటీ ఉన్నా అడెరాల్ నిషిద్ధం. అన్నిటికన్నా తేలికైన మార్గం, మీ వైద్యుడితో మాట్లాడి ప్రయాణానికి కొన్ని వారాల ముందే మిథైల్‌ఫెనిడేట్‌కు మారి, అది సరిపడుతుందో లేదో అక్కడే చూసుకోవడం. అది హైదరాబాద్‌లో మానసిక వైద్యుడు పరీక్షించి రాస్తే దొరుకుతుంది. స్నేహితుల చేత కొరియర్‌లో మాత్రం తెప్పించుకోవద్దు, ఆ పొట్లం పట్టుబడితే ఇబ్బందిలో పడేది మీ అమ్మానాన్నల చిరునామా.

ప్రశ్న: గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేస్తాను, 38 ఏళ్లు, బరువు 98 కిలోలు, బీపీ ఉంది. డ్యూటీలో నిద్ర ఆగడం లేదు, ఇంటికి వెళ్తూ రెండుసార్లు బండి మీద కునుకు పట్టింది. నా గురకకు మా ఆవిడ పక్క గదిలో పడుకుంటోంది. మొడాఫినిల్ వాడవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు రాసిన బరువు, బీపీ, గురక మూడూ కలిపి చూస్తే నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉండే అవకాశం బలంగా ఉంది. గురక మధ్యలో ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతుందేమో మీ ఆవిడను అడగండి. అది నిజమైతే స్లీప్ స్టడీ, తరువాత నిద్రలో ముక్కు ద్వారా గాలిని నెట్టే సీపాప్ యంత్రం, బరువు తగ్గడం, ఇవే అసలు చికిత్స. ఆ యంత్రం సరిగ్గా వాడిన తరువాత కూడా నిద్రమత్తు మిగిలితేనే మొడాఫినిల్ ఆలోచించాలి. మూలం అలాగే ఉంచి మాత్రతో మెలకువగా ఉంటే రాత్రి రాత్రికీ గుండె మీద పడే భారం తగ్గదు, పైగా మందు బీపీని ఇంకొంచెం పెంచవచ్చు. అమెరికాలో 2004 నుంచి షిఫ్ట్ ఉద్యోగుల నిద్రమత్తుకు ఈ మందును అనుమతించారు గానీ, ఐరోపా ఔషధ సంస్థ 2010లో లాభనష్టాలు బేరీజు వేసి దీనిని నార్కోలెప్సీకే పరిమితం చేయాలని నిర్ణయించింది. షిఫ్ట్ నిద్రమత్తు విషయంలో నా అభిప్రాయం కూడా ఐరోపా వైపే. ఈ వారంలోనే ఊపిరితిత్తుల వైద్యుడిని గానీ, చెవి ముక్కు గొంతు వైద్యుడిని గానీ కలవండి. పరీక్షలు పూర్తయ్యి చికిత్స మొదలయ్యే వరకు షిఫ్ట్ ముగిశాక ఆఫీసు క్యాబ్‌లోనే ఇంటికి వెళ్లండి, బండి తీయవద్దు.